ఫోన్‌లో ఫిర్యాదు పెట్టి, పని పూర్తయ్యేదాకా వెంటపడడం ఎలా?

"రామాలయం వీధిలో మురుగు కాలువ పొంగుతోంది. దయచేసి చర్య తీసుకోగలరు."

కొన్నేళ్ల కిందట నేను ఫోన్‌లో పెట్టిన మొదటి ఫిర్యాదు ఇదే. వారం తిరక్కుండానే మీ ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. బయటికొచ్చి చూస్తే నల్లటి నీళ్లు గడప దాకా అలాగే ఉన్నాయి. ఒళ్లు మండి ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్న కుర్రాడు ఏమీ మాట్లాడకుండా తన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. స్క్రీన్ నిండా ఫిర్యాదుల వరస. అందులో నాది ఒక్క లైను. ఫొటో లేదు, డోర్ నంబరు లేదు, లొకేషన్ లేదు. "సార్, మాకున్నవే మూడు రామాలయం వీధులు. ఒకదాంట్లో కాలువ నిండి ఉంటే పూడిక తీయించి క్లోజ్ చేశాం. అది మీదే అనుకున్నాం" అన్నాడు.

విజయవాడలో గానీ గుంటూరులో గానీ రామాలయం వీధి లేని పేట దాదాపు ఉండదు. ఆఫీసులో ఉన్న మనిషికి మన వీధి కనబడదు. మనం పంపిన నాలుగు ముక్కలే కనబడతాయి. అప్పట్నుంచి మా వీధిలో ఎవరికి ఏ పని పడినా దగ్గర కూర్చుని నేనే ఫిర్యాదు రాయిస్తున్నాను. అలా తెలుసుకున్నదంతా ఇక్కడ చెబుతున్నాను. మీ వీధిలో కూడా చేసి చూడండి.

ముందు ఎక్కడ పెట్టాలి

దారులు చాలా ఉన్నాయి. అన్నిట్లోకీ సులువైనది వాట్సాప్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో ఈ సేవను మొదలుపెట్టింది. అప్పుడు 161 సేవలతో మొదలై తర్వాత పెరుగుతూ వచ్చింది. నంబరు 95523 00009. దీన్ని మీ చేత్తో మీరే టైప్ చేసి సేవ్ చేసుకోండి. ఎవరో ఫార్వార్డ్ చేసిన లింకు నొక్కి వెళ్లకండి, ఎందుకో చివర్లో చెబుతాను. సేవ్ చేశాక 'హాయ్' అని పంపితే సేవల జాబితా వస్తుంది. తెలుగు ఎంచుకోండి. ఇంటి పన్ను, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్, దేవస్థానం సేవలు, రెవెన్యూ సర్టిఫికెట్లు, ఫిర్యాదులు అన్నీ ఆ ఒక్క చోటే దొరుకుతాయి. ఇంటి పన్నుకు పాత రసీదు మీదున్న అసెస్‌మెంట్ నంబరు, కరెంటుకు బిల్లు మీదున్న సర్వీస్ నంబరు పక్కన పెట్టుకుని కూర్చుంటే పని త్వరగా అయిపోతుంది.

వాట్సాప్ లేనివాళ్లు 1100కు ఫోన్ చేసి నోటితో చెప్పవచ్చు. పెట్టిన ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో కూడా ఆ నంబరుకే చేసి అడగవచ్చు. కంప్యూటర్ అలవాటున్నవాళ్లకు 'మీకోసం' అనే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఉంది. వీటిలో ఏదీ కుదరకపోతే వార్డు సచివాలయానికి వెళ్లండి, వాళ్లే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, వీధికి సంబంధించిన పనికి ఆన్‌లైన్‌లో పెట్టి వదిలేయడం కన్నా, పెట్టి ఆ నంబరు పట్టుకుని సచివాలయానికి ఒకసారి వెళ్లి రావడం మేలు. అక్కడ ఎవరి పని వారికి ఉంటుంది. చెత్త, పారిశుద్ధ్యం శానిటేషన్ సెక్రటరీ చూస్తారు. రోడ్డు, కాలువ పలకలు, మంచినీళ్ల లాంటివి అమెనిటీస్ సెక్రటరీ. ఇంటి ప్లాను, కట్టడాల గొడవలు ప్లానింగ్ సెక్రటరీ. "సార్ ఎవరండీ" అని అడిగే బదులు "అమెనిటీస్ సెక్రటరీ గారు ఉన్నారా" అని అడిగి చూడండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో వెంటనే చూపిస్తారు.

అది ఎవరి పనో తేల్చుకోండి

ఎక్కువమంది పట్టించుకోని మెట్టు ఇదే. తప్పు శాఖకు వెళ్లిన ఫిర్యాదు, అక్కణ్ణుంచి ఇంకో శాఖకు, అక్కణ్ణుంచి మరో శాఖకు తిరిగి, చివరికి "మా పరిధిలోనిది కాదు" అనే జవాబుతో మూసుకుపోతుంది.

విజయవాడనే తీసుకోండి. ఊరి మధ్యలోంచి మూడు పెద్ద కాలువలు పోతున్నాయి: బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే సాగునీటి కాలువలు ఇవి, జలవనరుల శాఖవి. మీ ఇంటి పక్క సైడు కాలువ మాత్రం నగరపాలక సంస్థది. రెంటినీ మనం 'కాలువ' అనే అంటాం. అందుకే "కాలువలో చెత్త" అని రాస్తే ఎటు వెళ్లాలో ఫిర్యాదుకే తెలియదు. "సైడు కాలువ", "ఏలూరు కాలువ గట్టు" అని విడదీసి రాయండి. రోడ్ల సంగతీ అంతే. లోపలి వీధులు నగరపాలక సంస్థవి, జాతీయ రహదారి మాత్రం కేంద్రం చేతిలో ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర గుంటను, మీ సందులో గుంటను ఒకే ఫిర్యాదులో కలిపితే రెండూ మిగిలిపోతాయి.

కరెంటు విషయంలో ఇంకాస్త జాగ్రత్త. వీధి దీపం వెలగకపోతే నగరపాలక సంస్థకు చెప్పాలి. తీగ తెగి వేలాడుతున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నా, ఫిర్యాదు రాస్తూ కూర్చోకుండా వెంటనే కరెంటువాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి. ఆ తీగ కింద పిల్లలు వెళ్లకుండా ఎవరినైనా నిలబెట్టి మరీ చేయండి.

ఫిర్యాదు రాయడం

ఇక్కడ తొందరపడకండి. పది నిమిషాలు కూర్చుంటే పది రోజులు తిరగడం తప్పుతుంది.

మొదట ఫొటోలు. రెండు తీయండి. ఒకటి దూరం నుంచి: అందులో గుర్తుపట్టగలిగేది ఏదో ఒకటి ఉండాలి. దుకాణం బోర్డో, గుడి గోపురమో, కరెంటు స్తంభమో. ఇంకొకటి దగ్గర్నుంచి: సమస్య ఒక్కటే స్పష్టంగా కనబడాలి. చాలామంది రెండోది మాత్రమే తీస్తారు. విరిగిన పలక ఫొటో చూస్తే అది విరిగిందని తెలుస్తుంది గానీ ఎక్కడ విరిగిందో తెలియదు. పగటి వెలుతురులో తీయండి. కాలువ పొంగడం లాంటివి మాత్రం పొంగుతున్న వేళే తీయాలి. మా వైపు పొద్దున్నే అందరూ నీళ్లు వాడుకునే టైముకు పొంగి, పదింటికల్లా తగ్గిపోతుంది. మధ్యాహ్నం వచ్చిన మనిషికి అక్కడ ఏమీ కనబడదు. అందుకే "ఉదయం 6 నుంచి 9 మధ్య" అని టైము కూడా రాయడం మొదలుపెట్టాను.

తర్వాత చోటు. ఆ స్థలంలోనే నిలబడి ఫోన్‌లో లొకేషన్ పెట్టండి, ఇంటికొచ్చి పెడితే మీ ఇల్లు చూపిస్తుంది. దాంతోపాటు దగ్గరి డోర్ నంబరు, స్తంభం మీద నంబరు ఉంటే అది, పేట పేరు, డివిజన్ నంబరు రాయండి. విజయవాడలో 64 డివిజన్లున్నాయి. మీది ఏదో తెలియకపోతే పక్కింటివాళ్లను అడిగినా చెబుతారు.

ఆ తర్వాత విషయం. నా పాత ఫిర్యాదునే ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"ఫలానా పేట, ఫలానా డివిజన్, రామాలయం వీధి, ఫలానా డోర్ నంబరు ఎదురుగా సైడు కాలువ మీద సిమెంటు పలక విరిగి లోపల పడింది. అక్కడ పూడిక చేరి, 12 రోజులుగా ఉదయం 6 నుంచి 9 మధ్య మురుగు రోడ్డు మీదికి వస్తోంది. స్కూలు పిల్లలు ఆ నీళ్లలోంచే నడుస్తున్నారు. పలక తీసి పూడిక తొలగించాలి. తీసిన పూడికను గట్టు మీద వదిలేయకుండా అదే రోజు తరలించాలి. కొత్త పలక వేయాలి. ఫొటోలు 2 జత చేశాను. వచ్చే ముందు ఫోన్ చేస్తే చోటు చూపిస్తాను."

ఇందులో పెద్ద మాటలేమీ లేవు. ఎక్కడ, ఏమిటి, ఎన్నాళ్లుగా, ఎవరికి ఇబ్బంది, ఏం చేయాలి, అంతే. ఆ చివరి సంగతి చాలామంది వదిలేస్తారు. 'చర్య తీసుకోగలరు' అంటే ఎవరో వచ్చి చూసి వెళ్లడం కూడా చర్యే అవుతుంది. ఏ పని జరిగితే మీ సమస్య తీరుతుందో ఆ పని పేరు రాయండి. పూడిక గురించి రాసిన ఆ వాక్యం కూడా అనుభవంతోనే చేర్చాను. తీసిన పూడిక గట్టు మీద ఎండుతూ ఉండి, ఒక్క వాన పడగానే మళ్లీ కాలువలోకే జారిపోవడం మీరూ చూసే ఉంటారు.

ఒక ఫిర్యాదులో ఒకే సంగతి పెట్టండి. కాలువ, దీపం, కుక్కలు, పింఛను కలిపి రాస్తే వాటిలో ఏది తీరినా మొత్తం మూసేసే వీలుంటుంది. తిట్లు రాయకండి. దాన్ని మొదట చదివేది చాలాసార్లు చిన్న ఉద్యోగి, మన వీధికి రావాల్సిందీ ఆయనే. తెలుగులోనే రాయండి, రాని ఇంగ్లిష్‌లో తంటాలు పడక్కర్లేదు.

ఇంకో మాట. వీధిలో పదిమంది ఒకే మేటర్ కాపీ చేసి పదిసార్లు పెడితే బలం వస్తుందని అనుకుంటారు. నాకైతే అది నచ్చదు. ఒకే చోటు మీద పది ఫిర్యాదులొస్తే ఒకే జవాబుతో పదీ మూసేయవచ్చు. ఒక్కరే పెట్టి, అందులో ఎన్ని ఇళ్లకు ఇబ్బందో రాస్తే చాలు. సమస్య నాలుగు చోట్ల ఉంటే మాత్రం నలుగురూ ఎవరి ఫొటోతో వాళ్లు పెట్టండి.

ఫోన్ నంబరు మీరు ఎత్తేదే ఇవ్వండి. కాలువ దగ్గరికొచ్చిన మనిషి తెలియని నంబరు నుంచే ఫోన్ చేస్తాడు. ఆ వారం పది రోజులూ తెలియని కాల్స్ ఎత్తండి.

నంబరు దాచుకోండి

ఫిర్యాదు పెట్టగానే ఒక నంబరు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీయండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఫోన్‌లో వేల ఫొటోల మధ్య అది దొరకదు. ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఫిర్యాదు నంబరు, విషయం, ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పారు అని రాసుకోండి. మా ఇంట్లో ఆ పుస్తకం కరెంటు బిల్లుల పక్కనే ఉంటుంది.

'పరిష్కారమైంది' అని మెసేజ్ వస్తే

వెంటనే వెళ్లి చూడండి. పని జరిగి ఉంటే దానికీ ఒక ఫొటో తీసి, వచ్చినాయనకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. ఎండలో కాలువలోకి దిగి పూడిక తీసినవాళ్లకు ఆ మాట దక్కాలి.

పని జరగకపోతే అదే చోట, అదే కోణంలో, ఆ రోజు తేదీ తెలిసేలా ఇంకో ఫొటో తీయండి. అభిప్రాయం అడుగుతూ కాల్ వస్తే మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "పోనీలే, పాపం" అని బాగుందని చెప్పేస్తే ఆ లెక్క అక్కడితో ముగిసిపోతుంది. ఆ తర్వాత 1100కు చేసి, ఫలానా నంబరు ఫిర్యాదు తీరలేదు, రీఓపెన్ చేయమని అడగండి. కొత్త ఫిర్యాదు పెట్టకండి. కొత్తది పెడితే మళ్లీ మొదటి రోజు నుంచే లెక్క మొదలవుతుంది, పాతది తీరినట్టే మిగిలిపోతుంది. తిరిగి తెరిచిన ఫిర్యాదుల మీద పై అధికారులు సమీక్షలు చేస్తారు, అది మీకు కలిసొచ్చే విషయం.

అప్పటికీ కదలకపోతే సోమవారం దాకా ఆగండి. కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగేది ఆ రోజే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక విజయవాడవాళ్లకు ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్ ఊళ్లోనే ఉంది, మచిలీపట్నం దాకా వెళ్లే పని తప్పింది. పాత ఫిర్యాదు నంబరు, రెండు ఫొటోల ప్రింట్లు, అర పేజీ అర్జీ పట్టుకెళ్లండి. అర్జీ పైనే పాత నంబరు పెద్దగా రాయండి.

ఆఖరి మెట్టు సమాచార హక్కు చట్టం. 2005 నాటి ఈ చట్టం కింద ఎలాంటి కారణమూ చెప్పకుండా సమాచారం అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నగరపాలక సంస్థ స్థాయి ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. ఇక్కడ ఒక కిటుకుంది. "మా కాలువ ఎందుకు బాగుచేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులను, సంజాయిషీని కాదు. ఇలా అడగండి: "ఫలానా నంబరు ఫిర్యాదును పరిష్కారమైనట్టు నమోదు చేసిన తేదీ, నమోదు చేసిన అధికారి హోదా, జత చేసిన ఫొటోలు, చర్యల నివేదిక నకలు ఇవ్వగలరు." దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్లినా వాళ్లు 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. చాలాసార్లు అంతదాకా పోనక్కర్లేదు.

సర్టిఫికెట్లు, డబ్బు జమ కావడం

వీటిలో గొడవంతా పేర్ల దగ్గరే. మనకు ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం ఉంటుంది. లక్ష్మి అనే పేరుకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకచోట 'ఐ'తో, ఇంకోచోట రెండు 'ఇ'లతో ముగుస్తుంది. మనకు అవి ఒకటే, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. అవసరం పడ్డ రోజున కాకుండా ఈ ఆదివారమే ఇంట్లో అందరి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి మార్కుల జాబితా ఒక దుప్పటి మీద పరిచి పేరు, పుట్టిన తేదీ పోల్చి చూడండి. దేన్ని మార్చాలో ముందే నిర్ణయించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. చదువుకున్నవాళ్లయితే పదో తరగతి జాబితాలో ఉన్నట్టే ఆధార్‌ను మార్చుకోవడం మంచిదని నేను చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. నీళ్లు చేరిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులవాళ్లకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు బ్యాంకు ఖాతాల్లోకి వెళ్లింది. జాబితాలో పేరుండి కూడా ఖాతా వివరాలు కలవక ఎదురుచూసిన ఇళ్లున్నాయి. మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకై ఉందో ఇప్పుడే బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఖాతాకు లింకై ఉంటే డబ్బు అక్కడికే పోతుంది.

వరదలో కాగితాలు తడిసిపోయినవాళ్లకు డిజిలాకర్ విలువ కూడా అప్పుడే తెలిసింది. పత్రాలను ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్ అది. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరుతో అందులో చేరవచ్చు. ఒక తేడా గుర్తుంచుకోండి. శాఖ నుంచే నేరుగా అందులోకి వచ్చిన పత్రానికి అసలు పత్రంతో సమానమైన విలువ ఉంటుంది. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్నది మాత్రం ఉత్త ఫొటోనే.

వేలిముద్ర పడని పెద్దవాళ్లు

గుంటూరులో మా పెద్దమ్మ ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసింది. వేళ్ల చివర చర్మం అరిగి నున్నగా అయిపోయింది. ఒకరోజు ఆమెను తీసుకెళ్లి మిషన్ మీద వేలు పెట్టిస్తే, ఒకటి, రెండు, ఐదు వేళ్లూ అయ్యాయి, ఎర్ర లైటే. "నేను నేను కాదంటందేంట్రా అది" అంది. చెయ్యి కొంగులోకి లాక్కుంది. ఆ తర్వాత ఇంకెప్పుడు రమ్మన్నా "నా వేళ్లు పడవులే" అనడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే మొదట చేతులు కడిగించి, పొడిగా తుడిచి, పది వేళ్లూ ప్రయత్నించమనండి. బొటనవేలే పడాలని రూలు లేదు. పడకపోతే కనుపాపతోనో ముఖంతోనో గుర్తింపు చేయమని మీరే అడగండి, ఓటీపీ వీలుంటే అదీ అడగండి. వేలు పడలేదన్న ఒక్క కారణంతో వెనక్కి రాకండి. ఆ తర్వాత తీరిక చూసుకుని ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, ఫోన్ నంబరు అప్‌డేట్ చేయించండి. సందేహాలకు ఆధార్ వాళ్ల ఫోన్ నంబరు 1947 ఉంది. మా పెద్దమ్మకు చివరికి ముఖంతో అయింది. కళ్లజోడు తీసి, వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

మోసగాళ్లూ ఇక్కడే ఉంటారు

ప్రభుత్వ సేవ ఫోన్‌లోకి వచ్చిందంటే దాని పేరుతో దొంగా వస్తాడు. చలాన్ కట్టాలనో, పథకం డబ్బు వచ్చిందనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, పంపుతారు. దాన్ని ఇన్‌స్టాల్ చేశారంటే మీ ఫోన్‌లోకి వచ్చే మెసేజ్‌లు వాళ్ల చేతికి పోవచ్చు. ఏ ఫైలూ తెరవకండి. వెబ్‌సైట్ పేరు చివర 'జీవోవీ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాడు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఇంట్లో తిడతారని దాచిపెట్టకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆధార్ ఫొటోలు పెట్టే అలవాటు కూడా మానిపించండి. తప్పనిసరైతే మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వవచ్చు.

పక్కింటి ముసలాయనకో, ఫోన్ చదవడం రాని పనమ్మాయికో మీరు ఫిర్యాదు పెట్టిపెడుతుంటే, అందులో వాళ్ల పేరు, వాళ్ల నంబరే ఇవ్వండి. రాసింది పైకి చదివి వినిపించి, అవునన్నాకే పంపండి. ఫిర్యాదు నంబరు ఒక చీటీ మీద రాసి వాళ్ల చేతికివ్వండి. మీరు ఊళ్లో లేని రోజున ఆ చీటీతోనే వాళ్లు సచివాలయానికి వెళ్లి అడగగలుగుతారు.